‘అండీ’ని లెక్కపెట్టాలా?

మొన్న ఆదివారం మీటింగ్ అయిపోయేక కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతున్నాం. నలుగురి ముందు మాట్లాడటం నేర్చుకునే మా క్లబ్బులో కొత్తగా చేరిన కుర్రాడు, కాట్రేనికోన వైపు, వాళ్ళకి రొయ్యల చెరువులు, నా దగ్గరికొచ్చి "అన్నా, టేబుల్ టాపిక్స్‌లో నాకు ‘అండీ’లు ఎన్నొచ్చేయి?" అని అడిగేడు. మన దగ్గర అది లెక్కెయ్యరు తమ్ముడూ అన్నాను. వాడు నమ్మలేదు. "మా కాలేజీలో సెమినార్ ఇచ్చినప్పుడు ముందు దాన్నే పట్టుకునేవారు కదా అన్నా, గోదారోళ్ళ యాస అని నవ్వేవారు" అన్నాడు. ఆ మాట విన్నాక ఇది రాయాలనిపించింది, ఎందుకంటే ఆ ‘అండీ’ని లెక్కపెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, దానివల్ల ఒక మనిషి మా క్లబ్బుకి రావడం మానేసింది.

మొదట్నుంచీ చెప్తాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఆఫీసులో ఒక ఫ్రెండ్ టోస్ట్‌మాస్టర్స్ మీటింగ్‌కి తీసుకెళ్ళేడు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలో శాంటా అనా అనే ఊళ్ళో, వైఎంసీఏ బిల్డింగ్ బేస్‌మెంట్‌లో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలెట్టిన పద్ధతి ఇది. అక్కడ పాఠం చెప్పే మాస్టారు ఉండరు. సభ్యులే మాట్లాడతారు, సభ్యులే టైం చూస్తారు, సభ్యులే విని ఎలా ఉందో చెప్తారు. ఆ చివరిది నన్ను కట్టిపడేసింది. చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు స్టేజీ ఎక్కినా దిగేక "బాగా మాట్లాడేవురా" అనేవాళ్ళే గానీ, ఫలానా చోట నాకు అర్థం కాలేదు అని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక్కడ ఒక మనిషి నా ముందు కూర్చుని, కాయితం మీద రాసుకుని, లేచి నిలబడి రెండు మూడు నిమిషాలు నా స్పీచ్ గురించే మాట్లాడేడు. ఆ రాత్రి రూముకెళ్ళేక నిద్ర పట్టలేదు.

నాన్నగారికి ఒంట్లో బాగోక అమలాపురం వచ్చేసేను, వర్క్ ఫ్రం హోం. ఇక్కడ కూడా అలాంటిది ఉంటే బాగుణ్ణు అనుకుని, మాకు తెలిసిన ట్యూషన్ మేష్టారి మేడ మీద గది అడిగి, నలుగురితో మొదలెట్టేం. టోస్ట్‌మాస్టర్స్‌లో చార్టర్, అంటే వాళ్ళ క్లబ్బుగా గుర్తింపు, కావాలంటే 20 మంది సభ్యులుండాలి, మేము ఇప్పటికి 14 మందిమి, అందుకని వాళ్ళ పద్ధతి మాత్రం తీసుకుని తెలుగులో నడుపుతున్నాం. ఎవరెవరు వస్తారంటే, ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, ఎరువుల షాపు ఆయన, ఇద్దరు బీటెక్ అమ్మాయిలు, కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన, ఒక ఏఎన్ఎం, డ్వాక్రా లీడర్ ఒకావిడ, ఇలాగ. వీళ్ళు అరుగు మీద కూర్చుంటే గంటలు గంటలు మాట్లాడతారు, ఏటిగట్టు మీద సైకిలాపి మాట్లాడతారు, కానీ ఒక ఐదడుగులు ముందుకొచ్చి నిలబడమంటే గొంతు తడారిపోద్ది. ఎరువుల షాపాయన రోజుకి యాభై మంది రైతులకి ఏ మందు ఎంత కొట్టాలో చెప్పే మనిషి, మొదటిరోజు తన పేరు చెప్పి ఆగిపోయేరు.

మీటింగ్ గంటన్నర. మొదట ప్రిపేర్డ్ స్పీచ్‌లు, ఒక్కోటి ఐదు నుంచి ఏడు నిమిషాలు. టైమర్ దగ్గర మూడు అట్టముక్కలు ఉంటాయి, ఐదో నిమిషానికి పచ్చది, ఆరుకి పసుపు, ఏడుకి ఎర్రది. ఎర్రది చూసేక ఇంకో ముప్ఫై సెకన్లలో ముగించాలి. మొదటి స్పీచ్‌ని ఐస్ బ్రేకర్ అంటారు, అది నాలుగు నుంచి ఆరు నిమిషాలే, మన గురించి మనం చెప్పుకోడమే. తర్వాత టేబుల్ టాపిక్స్, అంటే అప్పటికప్పుడు టాపిక్ ఇస్తే ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, టాపిక్ ఇచ్చేవాళ్ళు ముందు ప్రశ్న చదివి, కాసేపాగి, ఆ తర్వాతే పేరు పిలవాలి. ముందే పేరు పిలిచేస్తే మిగతావాళ్ళు హమ్మయ్య అని వినడం మానేస్తారు. ప్రశ్న ముందు చదివితే గదిలో అందరి బుర్రా తిరుగుద్ది. ఇంకొకటి, మొదట్లో మేము ఇంటర్నెట్‌లో దొరికిన టాపిక్‌లు ఇచ్చేవాళ్ళం, "నీకు కాలయంత్రం దొరికితే" లాంటివి, ఎవరికీ మాట వచ్చేది కాదు. ఒకసారి బీటెక్ అమ్మాయి "దింపు తియ్యడానికి మనుషులు దొరకట్లేదు, రేపు కాయలు ఎలా దింపిస్తారు?" అని ఇచ్చింది. కొబ్బరి వ్యాపారం ఆయన పేరు పడింది. ఎర్ర అట్ట చూపించినా ఆయన ఆగలేదు, ఆపాలని మాకూ అనిపించలేదు. అప్పట్నుంచీ ఊరి టాపిక్‌లే ఇస్తున్నాం.

ఆ తర్వాత ఆ-కౌంటర్. మాట్లాడేటప్పుడు సాగదీసే "ఆఁ", "అంటే", "ఏంటంటే", "అన్నమాట", "సో" ఇలాంటివి ఎవరికి ఎన్నొచ్చేయో లెక్కేసి చివర్లో చెప్పే మనిషి. నేను హైదరాబాద్‌లో నేర్చుకున్నది ఇంగ్లీషు మీటింగుల్లో. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆ లిస్టులో ఏముండాలో నేనొక్కణ్ణే కూర్చుని రాసేసేను. అందులో ‘అండీ’ కూడా పెట్టేసేను.

ఇప్పుడు అసలు సంగతి. డ్వాక్రా లీడర్ అక్కది పి.గన్నవరం వైపు లంక. ఐస్ బ్రేకర్ ఇవ్వమంటే రెండు నెలలు వెనకాడింది, చివరికి ఒక ఆదివారం ఒప్పుకుంది. ఇవాల్యుయేటర్, అంటే స్పీచ్ విని ఎలా ఉందో చెప్పే మనిషి, నేనే. ఆవేళ ఆ-కౌంటర్ రాలేదు, ఆ పని కూడా నేనే తీసుకున్నాను. అక్క చేతిలో కాయితం పట్టుకుని వరద గురించి మాట్లాడింది. నేను గీతలు గీస్తున్నాను. నాలుగు గీతలు, అడ్డంగా ఒకటి, మళ్ళీ నాలుగు. స్పీచ్ అయ్యేక లేచి, నవ్వుతూనే చెప్పేను, చెడ్డగా చెప్పాలనేం కాదు, "అక్కా, ధైర్యంగా మాట్లాడేరు, బాగుంది, కానీ ‘అండీ’ 41 సార్లు వచ్చింది, కాయితం చూసేరు, చేతులు కదపలేదు, ముగింపు తొందరగా అయిపోయింది" అని వరసగా చదివేను. అక్క తలూపింది. "ఆయ్, మార్చుకుంటానండి" అంది. గదిలో ఎవరో చిన్నగా నవ్వేరు.

తర్వాత ఆదివారం రాలేదు. పై ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే గ్రూపు మీటింగ్ ఉందండి, చుట్టాలొచ్చేరండి అని. మూడో వారం అయ్యేక తెలుగు మాస్టారు నన్ను పక్కకి పిలిచి అడిగేరు, "1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడేరు, తెలుసునా?" తెలుసన్నాను. "ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో. జనానికి తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆయనకి చూపు మందం. రాసుకుని, చూసుకుని చెప్పే వీలెక్కడిది? చెవొగ్గి వినాలి, విన్నది పోకుండా పట్టుకోవాలి, అప్పుడు కదా చెప్పగలిగేది. ఆవేళ నువ్వు ఆ అమ్మాయి మాట విన్నావా, ‘అండీ’ విన్నావా?" అన్నారు. ఆయన గట్టిగా కూడా అనలేదు.

ఇంటికెళ్ళి ఫోన్ తీసేను. ప్రతి స్పీచ్ రికార్డ్ చేసి ఎవరిది వాళ్ళకి పంపిస్తాం, అక్కది ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పెన్ను లేకుండా విన్నాను. ఐదు నిమిషాల చిల్లర. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టంతో మొదలెట్టింది. 11.75 అడుగులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇవి టీవీలో స్క్రోలింగ్‌లో అందరం చూసేవే. అక్క వాటి పక్కన తన ఇల్లు పెట్టింది. "మొదటి హెచ్చరికంటే గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలేస్తామండి. రెండోదంటే బియ్యం, పిల్లల పుస్తకాలు, గ్యాస్ బండ అటకెక్కించేస్తామండి. మూడోదంటే ఇంక మేమే పడవెక్కేస్తామండి." 2022 జులైలో మూడో హెచ్చరిక ఎప్పుడో దాటిపోయి బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన నీరు కిందకి వచ్చినప్పుడు, పడవలో కూర్చుని తన ఇంటి కప్పు చూస్తూ వాళ్ళ గ్రూపు పొదుపు పుస్తకాలు చీరకొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నానని చెప్పింది. చివరి మాట, "నీరు తీసేక మొదట ఆరబెట్టింది ఆ పుస్తకాలేనండి." అక్కడితో ఆగిపోయింది. దాన్నే నేను ముగింపు తొందరగా అయిపోయింది అన్నాను.

ఎన్నో స్పీచ్‌లు విన్నాను, అంత కుదురుగా కట్టిన ఐస్ బ్రేకర్ ఇంకోటి వినలేదు. మూడు మెట్లు, ఒక్కో మెట్టుకీ నీరు ఎక్కుతున్నట్టే భయం కూడా ఎక్కుతుంది, ఎక్కడా "అప్పుడు మాకు చాలా బాధేసింది" అన్న మాటే లేదు. ఇవన్నీ ఆవేళ నా కళ్ళ ముందే జరిగేయి, నేను తల దించుకుని గీతలు గీస్తున్నాను.

పొద్దున్నే బండేసుకుని వాళ్ళ ఊరెళ్ళేను. క్షమించమని అడిగేను, ఏమేం విన్నానో వరసగా చెప్పేను, మెట్లు మెట్లుగా కట్టేరక్కా అంటే, "కట్టడమేంటి బాబూ, జరిగింది చెప్పేను" అంది. కాసేపాగి, "ఆవేళ మా అమ్మాయి కూడా ఉంది గదిలో, వెనకాల కూర్చుంది" అంది. దానికి నా దగ్గర ఏ మాటా లేదు. టీ ఇచ్చింది. తాగి వచ్చేసేను. తర్వాత వారం వచ్చింది, కూతుర్ని కూడా తీసుకొచ్చింది.

అప్పట్నుంచీ మా దగ్గర ఇవాల్యుయేషన్ మారింది. స్పీచ్‌కి ముందే ఇవాల్యుయేటర్ వెళ్ళి "దేన్ని గమనించమంటారు?" అని అడగాలి. మొదటి రెండు నిమిషాలు పెన్ను ముట్టుకోకూడదు. లేచి నిలబడ్డాక ముందు తను ఏం విన్నాడో చెప్పాలి, మాట్లాడినావిడ మాటల్లోనే, కనీసం ఒక్క వాక్యం. మార్చుకోమని చెప్పేది ఒక్కటే ఉండాలి, రెండోది ఉంటే ఇంకో వారానికి దాచుకోవాలి. "మీరు ఇలా చెయ్యాలి" కాదు, "ఫలానా చోట నాకు అందలేదు" అనాలి. ఈ ఆఖరిది చాలామందికి కష్టంగా ఉంది, మనకి అలవాటు లేదు, మనం పొగడటమో దులపటమో చేస్తాం.

‘అండీ’ సంగతి తేల్చడానికి మాత్రం ఒక మీటింగ్ మొత్తం పట్టింది. బీటెక్ అమ్మాయిలు ఉంచాలన్నారు, ఇంటర్వ్యూల్లో ఇబ్బంది అవుద్దని, వాళ్ళ భయం నిజమే. కొబ్బరి వ్యాపారం ఆయన "పెద్దోళ్ళ ముందు ‘అండీ’ లేకుండా మాట్లాడితే మా అమ్మ కొట్టేదండి" అన్నారు. మాస్టారు అవధానం ఎత్తేరు. అంత పెద్ద అవధాని చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారిది కడియమే కదా, ఇక్కణ్ణుంచి ఎంత దూరం, ఆ అవధానంలో నిషిద్ధాక్షరి అని ఒకటి ఉంటుంది, పృచ్ఛకుడు ఈ అక్షరం వాడొద్దు అని అడ్డుతుంటే అవధాని దాన్ని తప్పించుకుంటూ పద్యం కట్టాలి. "అక్కడ అడ్డేది అవధాని సత్తా బయటికి తియ్యడానికి. ఇక్కడ నువ్వు అడ్డితే ఏం బయటికొస్తుందో చూసుకుని అడ్డు" అన్నారు. తర్వాత ఆయనే ఒక కొలత చెప్పేరు, ‘అండీ’ వెనకాల ఖాళీ ఉందో లేదో వినండి అని. "నేను నిన్న వెళ్ళేనండి" అని మాట సాగిపోతుంటే అది మర్యాద, దాన్ని ముట్టుకోకూడదు. "నేనండీ... మరండీ... అదేనండీ..." అని తర్వాతి మాట కోసం వెతుక్కుంటుంటే అక్కడ లెక్కెయ్యాల్సింది ‘అండీ’ని కాదు, ఆ వెతుకులాటని. అలాంటి చోట నోరు మూసుకుని ఒక్క క్షణం ఆగితే చాలు. ‘అన్నమాట’, ‘ఏంటంటే’, ‘సో’ మాత్రం లిస్టులో అలాగే ఉన్నాయి, వాటి తరఫున ఎవరూ మాట్లాడలేదు.

మిగతాది మామూలు కష్టమే. బుధవారానికి వాట్సాప్‌లో రోల్స్ నింపాలి, ఆదివారం మూడింటికి "రాలేను అన్నా" అని ఎవరో ఒకరు పెడతారు, అందుకని ప్రతి రోల్‌కి ఇంకో పేరు రాసుకుంటాం. ఐదంటే ఐదుకి మొదలెడతాం, నలుగురే ఉన్నా సరే. సంక్రాంతికి మీటింగ్ ఉండదు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదిలి ఎవరొస్తారు.

అక్క ఇప్పుడు ఎక్కువగా టైమర్ చేస్తుంది. ఆవిడ అట్టముక్క ఎత్తినప్పుడల్లా వెనక ఎవరో ఒకరు "మొదటి హెచ్చరిక" అంటారు. పసుపుకి రెండోది. ఎర్రదానికి మూడోది. ఈ మాట ఎవరు మొదలెట్టేరో గుర్తులేదు, ఇప్పుడు అజెండా కాయితం మీద కూడా అలాగే రాస్తున్నాం.

మొన్న ఆ కుర్రాడు ‘అండీ’ల గురించి అడిగినప్పుడు అక్క పక్కనే బ్యానర్ మడతపెడుతోంది. వచ్చే ఆదివారం వాడిది ఐస్ బ్రేకర్, ఇవాల్యుయేటర్ అక్క. తెల్లారగట్ల చెరువు గురించి మాట్లాడతానన్నాడు, ఆ టైముకి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోద్ది కదా, కరెంటు పోతే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి, అప్పుడు నిద్ర లేచి జనరేటర్ దగ్గరికి పరిగెట్టడం గురించి. అక్క అడిగింది, "దేన్ని గమనించమంటావు బాబూ?" వాడు ‘అండీ’లనే చూడమన్నాడు.

"అవి తర్వాత చూద్దాంలే. ముందు ఇది చెప్పు, ఈ స్పీచ్ ఎవరు వినాలని ఉంది నీకు?"

వాడు చేతిలో కుర్చీ కింద పెట్టి, కాసేపు ఆలోచించి, "మా నాన్నండి" అన్నాడు.

"అయితే తీసుకురా" అంది.