శాలిహుండంలో గట్టు కోసం వెతుకులాట

శ్రీకాకుళం నుంచి 18 కిలోమీటర్లు ఆటోలో వెళ్లి శాలిహుండం కొండ కింద దిగేసరికి పది కావస్తోంది. ఎండ ముదరకముందే పైకి చేరాలన్న నా లెక్క అక్కడే తప్పింది. పురావస్తు తవ్వకాల పద్ధతుల గురించి చదివినవాణ్ణే గాని ఏనాడూ తాపీ పట్టినవాణ్ణి కాను. తవ్వి వదిలిన చోటును చూస్తే తవ్వినవారి ఆలోచన కొంతైనా అందుతుందన్న ఆశ నాది. ఫోనుతో స్తూపానికి త్రిమితీయ నమూనా చేయాలన్న ఉబలాటం నా వెంట వచ్చిన సర్వేయరు మిత్రుడిది.

వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని గుర్తించారు. ఊరి పేరుకు మూలం శాలివాటిక, అంటే వరిధాన్యపు నెలవు అని కొందరూ, శల్యపేటిక, అంటే ఎముకల పెట్టె అని కొందరూ అంటారు. కింద వరి మళ్లు కనిపిస్తుండగా, పైన ధాతుకరండాలు, అంటే అస్థికల భరిణెలు దొరికిన స్తూపాల మధ్య నిలబడి ఆ తగవు తీర్చడం నా వల్ల కాలేదు.

ఆ మళ్లను చూస్తుంటేనే మార్టిమర్ వీలర్ గుర్తుకొచ్చాడు. 1944 నుంచి 1948 వరకు భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు అధిపతిగా ఉన్న ఆయన, స్థలాన్ని చదరాలుగా విభజించి, గొయ్యికీ గొయ్యికీ మధ్య తవ్వని గట్టును వదిలి, ఆ గట్టు నిలువు ముఖంలో మట్టి పొరలను చదివే పద్ధతిని ఇక్కడివారికి నేర్పాడు. అయితే అసలు గోడ ఆ గట్టు కిందే దాగి ఉండవచ్చు గనుక, తరువాతి తరంలో పలువురు గట్లు లేకుండా విశాలంగా తవ్వడానికే మొగ్గు చూపారు. గట్టు పోతే ఇక సాక్ష్యం కాగితం మీదే మిగలాలి. 1973లో పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిస్ రూపొందించిన పట్టిక ఆ పని చేస్తుంది: ప్రతి పొరా ఒక గడి, ఎవరో తవ్విన గొయ్యి కూడా ఒక గడే, ఏది ముందో ఏది తరువాతో గీతలు చెబుతాయి. పాత నేలను చీల్చుకుని ఇటుకల కోసం తవ్విన గోతి అడుగున పడిన కుండపెంకు, ఆ నేలకన్నా లోతులో దొరికినా దానికన్నా కొత్తదే. సర్వేయర్లు వాడే టోటల్ స్టేషన్ అనే కొలత పరికరం ఆ పెంకు లోతును మిల్లీమీటర్లలో చెప్పగలదు గాని, గోతి అంచును గుర్తుపట్టవలసింది మాత్రం మట్టి రంగు మారడాన్ని చూసే కన్నే.

స్తూపపు వృత్తాకార పునాది చుట్టూ తిరిగాను. ఇటుకలు చక్కగా నిలిచి ఉన్నాయి, వాటిని కప్పిన మట్టి లేదు. నేను వెతికిన గట్టు ఎక్కడా కనబడలేదు.

మిత్రుడు తన నమూనా కోసం ఒక్కొక్క ఫొటోలో ముందరి ఫొటోలోని భాగం చాలావరకు మళ్లీ పడేలా అడుగడుగునా ఆగి తీస్తుంటే, మేకలు కాసుకుంటున్న ముసలాయన, “ఏటి బాబూ, తీసిందే తీస్తన్నారు?” అన్నాడు. మధ్యాహ్నానికి ఫోను వేడెక్కి ఆగిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే నమూనా అందంగానే వచ్చింది, పరిమాణమే లేదు: పక్కన కొలబద్ద పెట్టడం ఇద్దరమూ మరిచిపోయాం. అదృష్టవశాత్తు ఒక ఇటుక పొడవును నేను జానతో కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. మిత్రుడు చాలాసేపు నవ్వి, టేపు తెచ్చి, నా అరచేతిని బల్ల మీద చాచమన్నాడు.