ఓర్కాలు వచ్చాయంటే వేట ఆగుతుంది

మే నెల మొదలైందంటే మా మెరీనాలో, అంటే చిన్న పడవలు కట్టే రేవులో, పొద్దున్నే వినపడే ప్రశ్న ఒకటే, "వచ్చాయా?" అని. అడిగేది ఓర్కాల గురించి, కిల్లర్ వేల్ అంటారే, ఆ నలుపు తెలుపు సముద్ర జంతువుల గురించి. నేను పనిచేసేది కెనడా పడమటి తీరంలో, వాంకూవర్ ద్వీపం మీద సిడ్నీ అనే చిన్న ఊళ్లో. ఆస్ట్రేలియా సిడ్నీకీ దీనికీ సంబంధం లేదు. చదువు అయిపోయి వర్క్ పర్మిట్ వచ్చాక నాకు దొరికిన పని ఇది: పడవలకి డీజిలు కొట్టడం, ఐసు సంచులు మోయడం, ఎరకి వాడే హెర్రింగ్, ఆంకోవీ ప్యాకెట్లు ఫ్రీజర్లోంచి తీసివ్వడం, సాయంత్రం చేపలు కోసే బల్లలు పైపు పెట్టి కడగడం. మాకు ఎదురుగా నీళ్ల అవతల పెండర్, సటర్నా అనే ద్వీపాలున్నాయి. వాటి చుట్టుపక్కల ఈమధ్య ఏళ్లలో పెట్టిన పద్ధతి ఏంటంటే, మే 1 తర్వాత సాల్మన్ తినే ఓర్కాలు ఆ నీళ్లలోకి వచ్చాయని ఖాయంగా తెలిసిన రోజు నుంచి నవంబర్ 30 దాకా అక్కడ సాల్మన్ వేట బంద్. అమ్ముకోడానికి పట్టేవాళ్లకీ బంద్, సరదాగా గాలం వేసేవాళ్లకీ బంద్. వేట ఏ రోజు ఆగుతుందో ముందే ఎవరికీ తెలీదు, అవి ఎప్పుడొస్తే అప్పుడే. వచ్చే వారానికి బుకింగులు పెట్టుకున్న, డబ్బులకి జనాన్ని వేటకి తీసుకెళ్లే చార్టర్ గైడుకి ఇది ఎంత టెన్షనో, అతని పడవకి డీజిలు కొట్టే నాకూ అంతే టెన్షన్, ఎందుకంటే పడవలు కదలకపోతే నా షిఫ్టులు తగ్గుతాయి.

అయినా ఈ నిషేధం ఉండాల్సిందే అంటాను. నా గొడవ వేరే ఉంది.

ముందు ఆ ఓర్కాల సంగతి. ఇక్కడ తిరిగేవన్నీ ఒకే రకం కాదు. సీళ్లనీ పోర్పస్‌లనీ వేటాడి తినేవి ఉన్నాయి, బిగ్స్ ఓర్కాలంటారు, వాటి సంఖ్య పెరుగుతోంది, ఫెర్రీలో వెళ్తూ జనం ఫోన్లు తీసి వీడియో పట్టేవి చాలాసార్లు అవే. రెండోవి చేపల మీదే బతికేవి, వాటిని సదరన్ రెసిడెంట్స్ అంటారు. చేపల్లో కూడా వాటికి చినూక్ సాల్మనే ముఖ్యం, అన్ని సాల్మన్ల కంటే పెద్దదీ కొవ్వు ఎక్కువ ఉండేదీ అదే. జె, కె, ఎల్ అని మూడు గుంపులు, పిల్లలు పెద్దయినా తల్లిని వదిలిపోవు, కొడుకులు కూడా బతికినంతకాలం అమ్మ పక్కనే తిరుగుతారు. ఇవి 1995లో 98 ఉండేవి, 2024 జూలై లెక్కకి 73 అయ్యాయి. కెనడా 2003లో, అమెరికా 2005లో వీటిని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటిగా చట్టంలో చేర్చాయి. "మొన్న ఫెర్రీ మీంచి అన్ని ఓర్కాలు చూశాను, ఇంకెక్కడ అంతరించిపోతున్నాయి?" అని డాక్ మీద ఎవరో ఒకరు వాదిస్తూనే ఉంటారు. చూసింది సీళ్లని తినేవాటినై ఉంటుంది, ఆకలితో ఉన్నవి వేరు.

ఈ 73 వెనక మనుషులు చేసిన పని చాలా ఉంది. 1964లో ఒక శిల్పిని వాంకూవర్ అక్వేరియం వాళ్లు పంపించారు, ఓర్కాని చంపి తెస్తే దాన్ని చూసి నిలువెత్తు బొమ్మ చేయించడానికి. సటర్నా ద్వీపం తూర్పు కొసన, ఈస్ట్ పాయింట్ దగ్గర కాచుకుని ఈటె దింపారు. అది చావలేదు. దాన్ని అలాగే తాడుతో వాంకూవర్ దాకా లాక్కెళ్లారు, జనం ఎగబడి చూశారు, మూడు నెలలు కూడా తిరక్కుండా చచ్చిపోయింది. మోబీ డాల్ అని పేరు పెట్టారు దానికి. మనిషిని చూస్తే మీద పడే జంతువు కాదని అందరికీ అర్థమయ్యాక, పాపం, ఇంకా ఎక్కువ పట్టడం మొదలుపెట్టారు, అక్వేరియాలకి అమ్ముకోడానికి. 1970ల మధ్యదాకా చిన్నపిల్లల్ని ఏరి ఏరి పట్టుకుపోయారు. 1970లో వాషింగ్టన్ రాష్ట్రంలో పెన్ కోవ్ దగ్గర పట్టిన ఒక ఆడ ఓర్కా పిల్ల మయామీలో ఒక తొట్టిలో యాభై ఏళ్లకి పైగా బతికి 2023 ఆగస్టులో పోయింది. సొంత నీళ్లకి తీసుకురావాలని చివర్లో ప్రయత్నాలు జరుగుతుండగానే పోయింది. ఇప్పుడు అదే ఈస్ట్ పాయింట్ దగ్గర 2019 నుంచి ఒక రక్షిత ప్రాంతం పెట్టారు, జూన్ నుంచి నవంబర్ చివరిదాకా పడవలే రాకూడదు.

పిల్లలు ఎందుకు నిలవట్లేదు అన్నదానికి వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన పని ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. పడవ ముందు భాగంలో శిక్షణ ఇచ్చిన కుక్కని కూర్చోబెట్టుకుని, అది వాసన పట్టిన దిక్కుకి వెళ్లి, నీళ్లమీద తేలే ఓర్కాల పెంటని ఏరి పరీక్ష చేశారు. 2008 నుంచి 2014 దాకా బయటపడ్డ గర్భాల్లో 69 శాతం నిలవలేదని తేలింది. తల్లికి తిండి చాలకపోతే ఒంట్లో కొవ్వు కరుగుతుంది, ఆ కొవ్వులో ఎప్పటినుంచో పేరుకున్న పీసీబీల్లాంటి ఫ్యాక్టరీ విషాలు రక్తంలోకి వస్తాయి, పాల ద్వారా బిడ్డకి వెళ్తాయి. అంటే ఆకలి ఒక్కటే విడిగా చంపదు, ఉన్న విషాన్ని కూడా నిద్రలేపుతుంది. 2018లో జె35 అనే తల్లి, తహ్లెక్వా అని పిలుస్తారు, చచ్చిపోయిన బిడ్డని తల మీద మోసుకుంటూ 17 రోజులు, దాదాపు 1,600 కిలోమీటర్లు ఈదింది. 2025 జనవరిలో మళ్లీ ఇంకో బిడ్డతో అదే పరిస్థితి. ఆ వార్త వచ్చిన రోజుల్లో మా డాక్ మీద నిషేధాన్ని తిట్టేవాళ్లు కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇక చేప సంగతి. మన పులస సముద్రంలోంచి గోదారికి ఎదురెక్కినట్టే చినూక్ కూడా పుట్టిన నదికి తిరిగెళ్తుంది, కాకపోతే గుడ్లు పెట్టాక ఇక బతకదు. మా దగ్గర దొరికేవాటిలో ఫ్రేజర్ నదికి వెళ్లేవి చాలా. ఆ నదికి చెందిన చినూక్‌లో చాలా గుంపులు బాగా దెబ్బతిన్నాయి, దానికితోడు 2019లో బిగ్ బార్ దగ్గర కొండచరియ విరిగిపడి చేపలు ఎదురెక్కే దారి దాదాపు మూసుకుపోయిన సంగతి బయటపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో సరదా వేటగాళ్లు ఏడాదికి ఉంచుకోగలిగే చినూక్‌ల సంఖ్యని 30 నుంచి 10కి తగ్గించారు, చాలా చోట్ల వేసవి సగందాకా ఒక్కటి కూడా ఉంచుకోవద్దన్నారు. గాలానికి వెనక్కి తిరిగే ముల్లు ఉండకూడదు. ఉంచుకున్న ప్రతి చినూక్‌నీ అక్కడికక్కడే లైసెన్సులో రాయాలి, ఒడ్డుకొచ్చాక రాస్తాం అంటే కుదరదు.

ఈ పనిలో నాకు ఇష్టమైన భాగం కోత బల్ల దగ్గరే. చేపని పక్కకి తిప్పి చూస్తే, తోకకి కాస్త ముందు వీపు మీద చిటికెన వేలి కొస అంత మెత్తటి రెక్క ఉంటుంది, అందులో ఎముక ఉండదు. అది ఉంటే నదిలో పుట్టిన చేప కావచ్చు, లేకపోతే హ్యాచరీలో పెంచి, గుర్తుకోసం ఆ రెక్క కత్తిరించి వదిలింది. కొన్నిచోట్ల కొన్ని నెలల్లో రెక్క కత్తిరించిన చేపనే ఉంచుకోనిస్తారు, మిగతావి వదిలేయాలి. నోరు తెరిస్తే చినూక్ చిగుళ్లు నల్లగా ఉంటాయి, కోహో అనే ఇంకో రకం సాల్మన్ అయితే తెల్లగా, కొత్తగా వచ్చినవాళ్లకి నేను చూపించే మొదటి తేడా ఇదే. రెక్క లేని చేప తలని కోసి మాకు ఇచ్చేయమని అడుగుతాం, సంచిలో వేసి, ఎక్కడ ఎప్పుడు పట్టారో చీటీ రాసి, ఫ్రీజర్లో పెడతాం. ఆ ముక్కులో ఒక మిల్లీమీటరు పొడవున్న సన్నటి తీగముక్క ఉండొచ్చు, దాని మీద చదివితే ఏ హ్యాచరీ, ఏ ఏడాది అన్నది తెలిసిపోతుంది. వెనకాల ఏ నది చేపని ఎంత పడుతున్నామన్న లెక్కలన్నీ ఇలాంటి తలల మీదే నిలబడతాయి. గబ్బు వాసన పని, గంటకి దక్కేది తక్కువ, అయినా ఆ చీటీ రాసేటప్పుడు నేను చాలా జాగ్రత్తగా రాస్తాను.

వేట ఆపేది చేప మిగల్చడానికే అని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. ఓర్కా చీకటి నీళ్లలో చినూక్‌ని కళ్లతో వెతకదు, క్లిక్ క్లిక్ మని శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో వెతుకుతుంది. పడవ ఇంజిన్లు, చేపల్ని చూపించే సౌండర్లు ఆ శబ్దాన్ని మింగేస్తాయి. పడవలు 400 గజాల లోపుకి వస్తే ఆడ ఓర్కాలు వేట మధ్యలో మానేయడం ఎక్కువవుతుందని పరిశోధకులు గమనించారు, పాలిచ్చే తల్లులకి అది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడ ఓర్కాలకి 400 మీటర్ల దూరం 2019లో తప్పనిసరి చేశారు, అవతల ఒడ్డున వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే 2025 జనవరి నుంచి సదరన్ రెసిడెంట్స్‌కి 1,000 గజాలు. గాలం నీళ్లలో ఉండగా అవి కనిపిస్తే వేట ఆపి వాటిని పోనివ్వండి, సౌండర్ అవసరం లేకపోతే కట్టేయండి అని మేమే డీజిలు కొడుతూ చెబుతుంటాం.

మా దగ్గరికి రోజూ వచ్చే గైడు ఒకతను ఉన్నాడు, అరవై దాటినవాడు, ఈ నీళ్లలోనే పుట్టిపెరిగాడు. అతనికి ఓర్కాలంటే కోపం లేదు, జె గుంపులో చాలావాటిని వీపు రెక్క చూసి పేరు చెబుతాడు. పోయిన వేసవిలో వేట ఆగిన వారం, ట్యాంకు నింపుకోడానికి కాక ఊరికే వచ్చి నిలబడి అన్నాడు, "నా పడవ ఇరవై రెండు అడుగులు. అదిగో దాన్ని చూడు." హేరో జలసంధి వైపు ఆయిల్ ట్యాంకర్ ఒకటి వెళ్తోంది. "దానికి నెమ్మదిగా పొమ్మని చెబుతారు. నాకు మాత్రం అసలు రావద్దంటారు." అతని మాటలో నిజముంది. 2024 మేలో, తీరానికి ముడిచమురు తెచ్చే ట్రాన్స్ మౌంటెన్ కొత్త పైప్‌లైన్ తెరిచాక, రోజుకి 3 లక్షల బ్యారెళ్లు మోసేది 8 లక్షల 90 వేలు మోయగలిగింది, ఆ నూనెని మోసే ఓడలు పోయేది ఇవే నీళ్లలోంచి. పెద్ద ఓడలు వేగం తగ్గించే కార్యక్రమం 2017 నుంచి నడుస్తోంది, చాలా ఓడలు పాటిస్తున్నాయి, మంచిదే. కానీ అది వాళ్ల ఇష్టం మీద, మాది చట్టం మీద.

మా మేనమామది ఉప్పాడ. ఫైబర్ బోటు, దాని మీద సరంగు ఆయనే, ఇద్దరు కలాసీలు. ఫోన్లో ఈ సంగతి చెబితే ముందు నమ్మలేదు.

"సరదాకి పట్టే చేపకి కూడా ఇన్ని లెక్కలేంటి అల్లుడూ?"

"సరదా వాళ్లది మావయ్యా. నాకు జీతం, ఆ గైడుకి బతుకు."

"మరి వేట ఆపిన్రోజులకి మీకేం ఇస్తారు?"

నాకు ఇప్పటిదాకా ఇక్కడ ఎవ్వరూ వేయని ప్రశ్న అది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజులకి ఆంధ్ర ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి 10,000 ఇచ్చేది, 2025లో 20,000 చేశారు. రెండు నెలలు ఇల్లు గడవడానికి అది చాలదని మావయ్యే అంటాడు, వలలు బాగుచేయడానికీ ఇంజిన్ రిపేర్లకీ అప్పు చేస్తూనే ఉంటాడు. అయినా చేపని కాపాడే పని నీ ఒక్కడి ఖర్చుతో జరగకూడదని రాజ్యం ఒప్పుకున్నట్టే కదా అది. ఇక్కడ ఆ ఒప్పుకోలే లేదు. కాగితం మీద మాది రిక్రియేషనల్ వేట, అంటే వినోదం, వినోదం ఆపితే నష్టమేముంది అన్నట్టు ఉంటుంది. గైడు, అతని పడవలో పనిచేసే కుర్రాడు, ఎర అమ్మే కొట్టు, కోత బల్ల కడిగే నేను, మేమెవరం ఆ మాటలో కనపడం. గంటలు సరిపోతే నిరుద్యోగ బీమా వస్తుంది నిజమే, కానీ వర్క్ పర్మిట్ మీద వచ్చి మొదటి సీజన్లోనే షిఫ్టులు పోయినవాడికి ఆ గంటలు ఎక్కడ సరిపోతాయి? నాతోపాటు పనిచేసిన పంజాబీ కుర్రాడు ఆగస్టులో సర్రీ వెళ్లిపోయాడు, గోడౌన్లో రాత్రి షిఫ్టు దొరికిందని.

ఈ మాట వినగానే కొందరు "అయితే నిషేధం తీసేయాలి" అంటారు. అది నా మాట కాదు. డెబ్బై చిల్లర ఉన్నదాంతో బేరమాడకూడదు. ఇక్కడి చట్టంలో వరస కూడా స్పష్టంగా ఉంది, 1990లో స్పారో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ముందు చేప మిగలాలి, తర్వాత ఈ నేల మొదటి మనుషుల తిండికీ ఆచారాలకీ, ఆ తర్వాతే మిగతావాళ్లు. మాతో డాక్ మీద పనిచేసే సానిచ్ తెగ ఆవిడ ఒకరు, వాళ్ల తాతలు ఇవే నీళ్లలో వలలు కట్టేవాళ్లని చెబుతుంది. ఆవిడ ముందు నిలబడి నా సీజన్ పోయిందని గట్టిగా అరవడానికి నాకు నోరు రాదు. నేను అడిగేది భారం పంచుకోమని మాత్రమే. ఓడ నడిపే కంపెనీ, పైప్‌లైన్, రేవు, వీటన్నిటి శబ్దం ఆ నీళ్లలోనే ఉంది, ఖర్చు మాత్రం చిన్న పడవ దగ్గర వసూలవుతోంది.

శీతాకాలంలో వచ్చే ఏడాది నిబంధనల మీద జనం అభిప్రాయాలు తీసుకుంటారు. ఈసారి గైడూ నేనూ కూర్చుని రాశాం. మూసివేతలు అలాగే ఉంచండి, అవసరమైతే పెంచండి అని మొదటి వాక్యం, దానికి అతను చాలాసేపు ఒప్పుకోలేదు, చివరికి తహ్లెక్వా పేరు ఎత్తితే సరేనన్నాడు. వేగం తగ్గించడం పెద్ద ఓడలకి కూడా చట్టం చేయండి అని రెండోది. పెద్ద ఓడల నుంచి రుసుము తీసి, వేట ఆగిన రోజులకి డాక్ మీదా చార్టర్ పడవల మీదా పనిపోయినవాళ్లకి, పర్మిట్ మీద ఉన్నవాళ్లతో సహా, కూలి కట్టివ్వండి అని మూడోది. కింద మా మెరీనాలో పనిచేసేవాళ్లందరం సంతకాలు పెట్టాం, సానిచ్ ఆవిడ కూడా పెట్టింది. ఇప్పుడు పక్క మెరీనాల వాళ్లని అడుగుతున్నాం. ఈ ద్వీపం మీద ఫిష్ ప్లాంట్లలో, మెరీనాల్లో, ఫెర్రీ క్యాంటీన్లలో పనిచేసే తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ షిఫ్టులు ఏ నెలలో ఎంత తగ్గాయో రాసిపెట్టుకోండి, ఆ లెక్క మాకు కావాలి.