అద్దె ఇంట్లో గోడ మీద గూడు పురుగు – నా అనుభవం

గోడ మీద బూడిద రంగు దోసగింజ లాంటి గూడు మెల్లగా పాకుతోందని కంగారు పడుతున్న వాళ్లు ఇది చదవండి. ఆ పురుగు వల్ల మా అడ్వాన్స్ దాకా వచ్చిన గొడవ ఈ వారమే తేలింది. మళ్లీ ఏ అద్దెదారుకీ ఇలా జరగకూడదని వెంటనే రాస్తున్నాను.

మేం చిక్కడపల్లిలో రెండు గదుల పోర్షన్‌లో ఉంటాం. మూడో గదిలో ఓనర్ ఆంటీ సామాను పెట్టి తాళం వేసుకున్నారు. వానలు మొదలయ్యాక ఈ గూళ్లు కనపడ్డాయి. పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచాం. వచ్చినతను ఒక్కసారి చూసి "చెదలు మేడమ్" అన్నాడు, మందు కొట్టాడు, బిల్లు చేతిలో పెట్టాడు. పొద్దున్నే మళ్లీ అవే గూళ్లు గోడెక్కుతున్నాయి. చెదలు మట్టి గొట్టాలు కట్టుకుంటూ గుంపుగా వస్తాయి, ఒక్కొక్కటీ సొంత గూడు ఈడ్చుకుంటూ తిరగవు. ఆ మాత్రం తెలియని వాళ్లతో ఏడాది కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టకండి.

అసలు బాధ ఆ తర్వాత. అద్దె కోసం వచ్చిన ఆంటీ హాల్లో గోడ చూసి, మెట్ల మీద ఇరుగుపొరుగు అందరూ వింటుండగానే, "ఏమ్మా, ఇల్లు సాఫ్ చేసుకోరా? మేమున్నప్పుడు ఒక్క పురుగు లేకుండె. పెయింటింగ్ ఖర్చు అడ్వాన్స్‌లో పట్టుకుంటా" అన్నారు. రోజూ రెండు పూటలా ఇల్లు తుడిచే మా అమ్మ అక్కడే నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు, రాత్రి అన్నం కూడా తినలేదు. డబ్బు పోతే పోయింది, అమ్మకు పడ్డ ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

మా పెద్దమ్మ కొడుకు రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ చదివాడు. ఫోటో పంపితే, "అక్కా, ఇది చిన్న మాత్, అంటే రెక్కల పురుగు. టినియిడే కుటుంబం, ఫెరియోకా అంటారు. నువ్వు చూస్తున్నది లార్వా, దాని పిల్ల దశ. ఒకటి సీసాలో పెట్టి చూడు" అన్నాడు. పచ్చడి సీసాలో కాస్త సాలెగూటి బూజు, రాలిన వెంట్రుకలు, ఉన్ని పోగు వేసి ఒక గూటిని వదిలి, మూతికి పల్చటి గుడ్డ కట్టాను.

గూడు ఒక సెంటీమీటరు అటూ ఇటుగా ఉంటుంది. బల్లపరుపుగా, మధ్యలో వెడల్పుగా, రెండు కొసలూ తెరుచుకుని ఉంటుంది. ఒక కొస నుంచి నల్లని తల, మూడు జతల కాళ్లు బయటికి వస్తాయి. ముట్టుకుంటే లోపలికి ముడుచుకుని, లోపలే తిరిగి రెండో కొస నుంచి తల పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన లార్వా ముందు పట్టు దారంతో చిన్న కమాను కడుతుంది. దాని మీద ఇసుక, దుమ్ము, నూలు పీచు, గోడ పొట్టు, ఏది దొరికితే అది అతికిస్తుంది. కమానును పొడిగించి, కింద మూసి గొట్టం చేసుకుంటుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ గూటిని పెద్దది చేసుకుంటుంది. లోపలంతా మెత్తని పట్టే.

ఆ అతికించిన వాటిలోనే నాకు ఆధారం దొరికింది. భూతద్దం పెట్టి చూస్తే ఇసుక రేణువుల మధ్య నీలం రంగు పెళ్లలు. మా రెండు గదులకూ క్రీమ్ రంగు. నీలం సున్నం ఉన్నది తాళం వేసిన గదికి మాత్రమే, తలుపు కింద నుంచి ఆ పొడి రాలుతూనే ఉంటుంది. గోడ మీది మిగతా గూళ్లు కూడా తీసి చూశాను, చాలా వాటికి నీలం ఉంది.

సీసాలోది కొన్నాళ్లకు పైకి పాకి, గూటి రెండు కొసలనూ గాజుకి అంటించుకుంది. అదే ప్యూపా దశ, దాదాపు రెండు వారాలు. ఒకరోజు మధ్యాహ్నం చూస్తే ప్యూపా పొర సగం బయటికి పొడుచుకొచ్చి ఉంది, పక్కనే మాత్ కూర్చుని ఉంది. బూడిద రంగు, ముందు రెక్కల మీద నల్లటి చుక్కలు, వెనక రెక్కల అంచున వెంట్రుకల కుచ్చు. రెక్కలు చాపితే సెంటీమీటరు ఉంటుందేమో. ఆడది గోడ మూలల్లో, పగుళ్లలో రెండు వందల దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

సీసా, గూళ్లు, భూతద్దం మూడూ ఆంటీ ముందు పెట్టాను. గొంతు పెంచలేదు. "ఆంటీ, ఈ నీలం మా గదుల్లో ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఆమె చాలాసేపు చూసి, ఆ గది తాళంచెవి తెప్పించారు. లోపల గోడ చెమ్మకు ఉబ్బి పెళ్లలు రాలుతోంది. మూలన చుట్టి పెట్టిన పాత ఉన్ని తివాచీ విప్పితే మడతల్లో గూళ్లే గూళ్లు, పైన సాలెగూళ్లు. ఈ పురుగుకి కావలసింది అదే: ఉన్ని, బూజు, చచ్చిన పురుగులు, తేమ. అమ్మను కూడా పిలిచి చూపించాను. "మీ తప్పేం లేదమ్మా" అని ఆంటీ అమ్మతోనే అన్నారు. నాకు కావలసింది ఆ మాటే.

తివాచీ పారేశారు, గోడ లీకేజీకి మేస్త్రీని పిలిచారు. మేం బూజు దులిపి, మంచాల వెనక, గోడ అంచుల వెంట వాక్యూమ్ పెట్టాం. మందులకంటే ఇదే పని చేసింది. గుడ్డు నుంచి మాత్ దాకా సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, అన్నాళ్లూ వారం వారం దులపండి, మధ్యలో ఆపితే మళ్లీ వస్తాయి. గూడు కనిపిస్తే తీసి సబ్బు నీళ్లలో వేయండి.

పెస్ట్ కంట్రోల్ వాళ్లని డబ్బు వాపసు అడుగుతున్నాను. ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు మీద "చెదలు" అని వాళ్ల చేతిరాతే ఉంది, భద్రంగా దాచాను.