‘నా సంగతి నేను చూసుకుంటాలే’

బుధవారం, రాత్రి పదిన్నర.

చెప్పుకోదగ్గదేమీ జరగని రోజు. పొద్దుటినుంచి ఫారాలకి స్కోర్లు వేయడమే పని. మానసిక నిపుణుల సాయం తీసుకోవడం గురించి మనిషి ఏమనుకుంటున్నాడో కొలిచే పది ప్రశ్నల స్కేలు అది. 1970లో ఫిషర్, టర్నర్ 29 ప్రశ్నలతో తయారుచేస్తే, 1995లో ఫిషర్, ఫారినా దాన్ని పదికి కుదించారు. ఒక్కో జవాబుకి 0 నుంచి 3, మొత్తం మీద 30. లెక్క చిన్నదే గాని బోల్తా పడేది కూడా ఇక్కడే. పదింటిలో ఐదు తిరగేసిన వాక్యాలు. వాటికి ‘ఒప్పుకుంటాను’ అన్నవాడు సాయం వద్దంటున్నట్టు లెక్క. ఆ ఐదింట్లో 3ని 0గా, 2ని 1గా మార్చడం మర్చిపోతే, సాయం కావాలని గట్టిగా నమ్మేవాడికీ, ససేమిరా అనేవాడికీ ఒకే 15 వచ్చి కూర్చుంటుంది! ప్రశ్నల మధ్య పొందిక చూపించే క్రాన్‌బాక్ ఆల్ఫా బాగా పడిపోయినా, మైనస్‌లోకి పోయినా ముందు ఈ తిరగేత సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవాలి. జవాబిచ్చినవాళ్ళని తప్పుపట్టడం ఆ తర్వాత.

అన్నీ సరిగ్గా వేసినా ఆ అంకె చెప్పేది అభిప్రాయం వరకే. 30కి 26 వచ్చిన మనిషి రేపు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తాడని హామీ ఏమీ లేదు. ‘కౌన్సెలింగ్ మంచిదే’ అనడానికీ, ‘నాకు కావాలి’ అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. అందుకే ఉద్దేశాన్ని విడిగా అడగాలి. ఒక ఫలానా సమస్య వస్తే భార్యతో చెప్తారా, స్నేహితుడితోనా, డాక్టరుతోనా, అసలు ఎవరికీ చెప్పరా అని ఒక్కొక్కటీ 1 నుంచి 7 వరకు గుర్తు పెట్టించడం ఒక పద్ధతి. ‘ఎవరికీ చెప్పను’ అన్న గడిని ఫారంలోంచి ఎప్పుడూ ఎత్తేయకూడదు. అన్నిటికంటే విలువైన జవాబు అక్కడే దొరుకుతుంది.

మధ్యాహ్నం మగతనం స్కేళ్ళ దగ్గరికి వచ్చాను. మగవాడంటే ఇలా ఉండాలన్న కట్టుబాట్లకి మనిషి ఎంత లోబడుతున్నాడో కొలిచేవి ఇవి. మహాలిక్ బృందం 2003లో ఇచ్చిన స్కేలులో 94 ప్రశ్నలు, 11 కట్టుబాట్లు ఉన్నాయి. గెలవాలి, భావాలు బయటపెట్టకూడదు, తెగించాలి, పనే ముఖ్యం, ఎవరిమీదా ఆధారపడకూడదు... ఇలా సాగుతాయి. 94 ప్రశ్నలు నింపేసరికి ఎవరికైనా విసుగొస్తుంది కాబట్టి తర్వాత 46 ప్రశ్నల రూపం, 30 ప్రశ్నల రూపం వచ్చాయి. నాకు నచ్చనిదల్లా ఈ పదకొండింటినీ కూడేసి ‘మగతనం స్కోరు’ అని ఒకే అంకె చెప్పడం. 2017లో వాంగ్ బృందం 78 నమూనాలు, 19,453 మంది వివరాలు కలిపి మెటా అనాలిసిస్, అంటే పాత అధ్యయనాల ఫలితాలన్నీ ఒకచోట చేర్చి లెక్కకట్టడం, చేసింది. కట్టుబాట్లకి ఎక్కువ లోబడినవాళ్ళు మానసిక సాయానికి అంత దూరంగా ఉన్నారన్నది మొత్తం మీద తేలిన మాట. విడదీసి చూస్తే మాత్రం బొమ్మ మారిపోయింది. ఎవరిమీదా ఆధారపడకపోవడం, పలువురు స్త్రీల వెంట తిరగడం, స్త్రీల మీద అధికారం, ఈ మూడింటికీ మానసిక ఆరోగ్యం దెబ్బతినడంతో సంబంధం గట్టిగా కనబడింది. పనే సర్వస్వం అన్నదానికి చెప్పుకోదగ్గ సంబంధమే లేదు. అన్నీ కలిపేస్తే ఈ తేడా కొట్టుకుపోతుంది.

ఆస్ట్రేలియాలో ‘టెన్ టు మెన్’ అధ్యయనం నుంచి 13,884 మంది మగవాళ్ళ వివరాలతో అదే ఏడాది వచ్చిన విశ్లేషణలో, ఆత్మహత్య ఆలోచనలకి సంబంధించి ముప్పుగా విడిగా నిలబడిన కట్టుబాటు ఒక్కటే. ‘నా సంగతి నేను చూసుకుంటాను.’ మామూలు రోజుల్లో మెచ్చుకోదగ్గ గుణమే ఇది, ఒప్పుకుంటాను. ఒంటరిగా మోయలేని బరువు వచ్చిపడ్డ రోజునే తిరగబడుతుంది.

‘మగాళ్ళు సాయం అడగరు’ అన్న మాట వింటే నాకు చిరాకు. బండి ఆగిపోతే మెకానిక్‌ని పిలవడానికి ఎవడూ మొహమాటపడడు. తనే మెకానిక్ అయితే? అప్పుడు ఇంకో మెకానిక్‌కి ఫోన్ చేయడానికి చెయ్యి రాదు. మనిషి అతనే, మారింది సమస్యకీ అతని పరువుకీ ఉన్న ముడి. ఆడిస్, మహాలిక్ 2003 వ్యాసంలో చెప్పింది ఇదే. సాయం అడగాలా వద్దా అన్నచోట మగవాడి మనసులో ఐదు ప్రశ్నలు మెదులుతాయన్నారు. ఇది అందరికీ వచ్చేదేనా? నేను ఎవరిని అన్నదాన్ని ఇది దెబ్బతీస్తుందా? తిరిగి ఏదైనా ఇచ్చి ఋణం తీర్చుకునే దారి ఉందా? నావాళ్ళకి తెలిస్తే ఏమంటారు? అడిగితే నా చేతిలోంచి ఏం జారిపోతుంది?

ఇవి కాగితం మీది సిద్ధాంతంగా మిగలకుండా మాటతీరులో వాడుకోవచ్చు. సాయం కోసం వచ్చిన మనిషిని మొదటిసారి కూర్చోబెట్టగానే ‘మీకు ఎలా అనిపిస్తోంది?’ అని అడిగితే ‘బానే ఉంది’ అనేస్తారు, అక్కడితో తలుపు మూసుకుంటుంది. నిద్ర ఎన్ని గంటలు, పోయిన వారంలో ఎన్ని రాత్రులు మధ్యలో మెలకువ వచ్చింది, తాగడం పెరిగిందా, చిన్నమాటకి ఎన్నిసార్లు అరిచారు అని అడిగితే అంకెలు వస్తాయి. అంకెల వెనకే మాటలూ వస్తాయి. ‘ఈ పరిస్థితిలో నిద్ర చెడడం మామూలే’ అన్న ఒక్క ముక్క మొదటి ప్రశ్నకి జవాబు. ఎన్నిసార్లు రావాలి, ఒక్కోసారి ఎంతసేపు, ఏం చేస్తాం, ఇష్టం లేకపోతే ఎప్పుడు ఆపేయొచ్చు అన్నవి ముందే చెప్తే ఐదోది సర్దుకుంటుంది. ఆత్మహత్య గురించి మాత్రం డొంకతిరుగుడు పనికిరాదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు.

‘నిజమైన మగాడే సాయం అడుగుతాడు’ అన్న నినాదం మీద నాకు గురి లేదు. పాత కొలబద్దకే కొత్త రంగు పూసినట్టుంటుంది. ఇంతా చేసి అడగలేకపోయినవాడు ఇంకోసారి ఓడిపోయినట్టే కదా.

సాయంత్రం పాత పేపరు ఒకటి మళ్ళీ తీశాను. 2013లో మార్టిన్, నైబర్స్, గ్రిఫిత్ అమెరికా సర్వే వివరాలలో డిప్రెషన్ లక్షణాలకి కోపం, దూకుడు, మత్తు వాడకం, తెగింపు లాంటివి చేర్చి చూశారు. ఇలాంటి లక్షణాలతో విడిగా చేసిన ‘మగ లక్షణాల స్కేలు’తో మగవాళ్ళలో 26.3 శాతం, ఆడవాళ్ళలో 21.9 శాతం డిప్రెషన్ గీత దాటారు. మామూలు లక్షణాలూ ఇవీ కలిపిన స్కేలులో ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని కోపం వచ్చిన ప్రతివాడికీ డిప్రెషన్ అంటగట్టకూడదు. దుఃఖం గురించి మాత్రమే అడిగే ఫారంలో కొందరు కనబడకుండా పోతారన్నంతవరకే దీన్ని తీసుకోవాలి.

మన ఫారం మొదటి పేజీ మీద ఉన్న శీర్షిక ‘మీ భావోద్వేగాల గురించి’. రేపు అది కొట్టేసి ‘గడిచిన రెండు వారాలు’ అని పెట్టాలి. నిద్ర ప్రశ్నని ఏడో చోటు నుంచి మొదటికి తేవాలి.