వదిన పూతరేకుల కొట్టు లెక్క దొరికింది

మా వదిన ఆత్రేయపురం నుంచి పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన సరుకు, చూసేవాళ్లకి కొదవ లేదు, కానీ కొనకుండా ఎక్కడ ఆగిపోతున్నారో తెలియక ఇన్నాళ్లూ టెన్షనే. నిన్న రాత్రి కోడ్ జోలికి పోకుండా, వదిన ఆన్‌లైన్ కొట్టు నడుస్తున్న షాపిఫైలో గూగుల్ అండ్ యూట్యూబ్ యాప్ పెట్టి, సైటుకొచ్చినవాళ్లు ఏం చేస్తున్నారో లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్ 4 ఖాతా కలిపాను, ఇక కార్టులో వేయడం, చెక్‌అవుట్ మొదలుపెట్టడం, కొనడం అన్నీ వాటంతటవే నమోదవుతున్నాయి. ఒక్కచోటే చిక్కొచ్చింది. పాత ట్యాగు (లెక్క పంపే చిన్న కోడ్) ఒకటి ఉండిపోయి ఒక్కో ఆర్డరు రెండుసార్లు పడింది, అది తీసేశాకే అసలు ఆర్డర్లతో లెక్క కలిసింది (మీరూ ముందు అదే చూసుకోండి). బెల్లం రేకులు కార్టులో వేసుకున్నవాళ్లు కూడా డెలివరీ ఛార్జీ కనబడగానే వెళ్లిపోతున్నారు. వదినకి చూపించాను. "అయితే ఛార్జీ ధరలోనే కలిపేద్దాం అబ్బాయ్" అంది, ఇవాళే మార్చేశాం.