శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర

అమెరికాలో పేరున్న పాప్ గాయని ఎవరైనా కొత్త ఆల్బమ్ విడుదల చేస్తే, అది బెంగళూరులోని మా ఇంటికి సాధారణంగా శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు చేరుతుంది. 2015 జూలై 10 నుంచి ప్రపంచమంతటా కొత్త సంగీతానికి శుక్రవారమే విడుదల రోజుగా స్థిరపడింది. అంతకు ముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం వచ్చేవి. న్యూయార్క్‌లో వేసవి కాలమానం ప్రకారం అర్ధరాత్రి అయ్యేసరికి మనకు తొమ్మిదిన్నర అవుతుంది, కొరియా బృందాలు తమ మధ్యాహ్నం ఒంటిగంటకు విడుదల చేసినా మనకు అదే వేళ. పిల్లలు బడిలో ఉండే సమయం కనుక, సాయంత్రం బస్సు దిగిన మా అమ్మాయి బూట్లు విప్పకుండానే ఇయర్‌ఫోన్లు వెతుక్కుంటుంది. ఆ గంటసేపు ఆమెను పాలు తాగమని కూడా అడగము.

మావారూ నేనూ అనంతపురంలో పెరిగిన కాలంలో పాట అంటే సినిమా పాటే. సినిమా కంటే ముందే క్యాసెట్ చేతికి వచ్చేది కనుక, ఏ పాట కథలో ఎక్కడ వస్తుందో ఊహించుకుంటూ రెండు వైపులా టేపు నలిగేదాకా వినేవాళ్లం. (అలాంటి క్యాసెట్లు ఎన్నో తెచ్చిన లహరి సంస్థది బెంగళూరే అని ఇక్కడికి వచ్చాకే గమనించాను.) ఇప్పుడు తెలుగు సినిమా పాటలు ఫస్ట్ సింగిల్, సెకండ్ సింగిల్ అంటూ వారాల తేడాతో లిరికల్ వీడియోలుగా ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. పాటలన్నిటినీ కూర్చున్న చోటే వరుస తప్పకుండా వినే మన పాత అలవాటు మా పిల్లలకు ఇంగ్లీషు ఆల్బమ్‌ల ద్వారా అబ్బడం నాకు విచిత్రంగా తోస్తుంది. 2024 మే 17న అమెరికా గాయని బిల్లీ ఐలిష్ తన మూడో ఆల్బమ్‌ను, ముందుగా ఒక్క పాట కూడా విడిగా వదలకుండా, పది పాటలతో ఒకేసారి విడుదల చేసింది. మా అమ్మాయి కారులో ఆ వరుస మార్చనివ్వలేదు.

అంతకు నెల ముందు, ఏప్రిల్ 19న, టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ వచ్చినప్పుడు వేసవి సెలవులు. మేము అనంతపురంలో మా అమ్మ దగ్గర ఉన్నాం. తొమ్మిదిన్నరకు పదహారు పాటలు వచ్చాయి, రెండు గంటల తరువాత మరో పదిహేను వచ్చిపడ్డాయి. నడవలో చింతపండు కొట్టి గింజలు తీస్తున్న మా అమ్మ కొంతసేపు ఓపిక పట్టి, "ఎవురే ఆ పాప? పొద్దన్నుంచి ఒకటే మాదిరిగా ఏడుస్తా ఉంది" అని అడిగింది. మా అమ్మాయికి పౌరుషం వచ్చి, స్పీకర్ పట్టుకుని అవ్వ పక్కన చేరి, ఒక్కో పాట ఆపుతూ చెప్పడం మొదలుపెట్టింది: చాలా ఏళ్లు కలిసి ఉన్న మనిషి వెళ్లిపోయాడట, వెళ్లిపోయినా వేదిక మీద నవ్వుతూనే పాడాలట. "పోతే పోయినాడు, ఆ పాపకు దుడ్లు ఉండాయి గదా" అని మా అమ్మ తేల్చింది. అలా కాదని ఒప్పించడానికి పన్నెండేళ్ల పిల్ల అవమానం, ఒంటరితనం, పట్టుదల వంటి సంగతులన్నీ తనకు వచ్చిన తెలుగులో, మధ్యలో కన్నడ మాటలు దొర్లుతున్నా ఆగకుండా చెప్పుకొచ్చింది. మేము వారాంతాల్లో చెప్పించిన తెలుగు పాఠాల్లో అలాంటి వాక్యాలు ఎన్నడూ రాలేదు.

మా అబ్బాయి దారి వేరు. వాడు ఆల్టర్నేటివ్ రాక్ సంగీతం తప్ప వినడు. 2024 నవంబరు 1న బ్రిటన్ రాక్ బృందం ద క్యూర్ పదహారేళ్ల విరామం తరువాత కొత్త ఆల్బమ్ తెచ్చింది. కన్నడ రాజ్యోత్సవం కనుక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎరుపు పసుపు జెండా కట్టి మైకులో పాటలు పెట్టారు. వీడు తలుపు వేసుకుని, ఆ బృందం గాయకుడు, అరవై అయిదేళ్ల రాబర్ట్ స్మిత్ తన అన్న మరణం గురించి పాడుతుంటే వింటున్నాడు. మా అబ్బాయి వయసుకు అంత దుఃఖం ఎందుకని మావారు కంగారు పడ్డారు. నాకు మాత్రం తాత వయసు మనిషి మాట కుర్రవాడు ఓపికగా వినడం మంచిదే అనిపించింది.

పాట పేరు పక్కన చిన్న పెట్టెలో ఇంగ్లీషు అక్షరం 'ఈ' కనిపిస్తే జాగ్రత్తపడమని తోటి తల్లులు చెబుతుంటారు. అమెరికాలో తల్లుల బృందం ఒకటి 1985లో పట్టుబట్టడంతో వచ్చిన హెచ్చరిక గుర్తుకు అది వారసురాలు. ఆ గుర్తున్న పాటల్లో బూతులు ఉన్న మాట నిజమే, మేము వాటి గురించి పిల్లలతో మాట్లాడుతూనే ఉంటాం. కానీ ఏ గుర్తూ లేకుండా పెళ్లిళ్లలోనూ బడి వార్షికోత్సవాల్లోనూ మోగే మన ఐటమ్ పాటల మీద ఇదే శ్రద్ధ ఎవరూ చూపరెందుకో నాకు అంతుపట్టదు.

2025 ఫిబ్రవరి 9న ఇక్కడి నైస్ గ్రౌండ్స్‌లో బ్రిటన్ గాయకుడు ఎడ్ షీరన్, గాయని శిల్పారావుతో కలిసి 'దేవర' సినిమాలోని 'చుట్టమల్లే' పాడినప్పుడు మా బంధువుల ఫోన్లన్నీ ఆ వీడియోతో నిండిపోయాయి. బెంగళూరుకు వచ్చి తెలుగు పాట పాడడమేమిటని అమ్మాయి కన్నడ స్నేహితురాళ్లు అలిగారట. ఆ అలకలో న్యాయం ఉంది. మేము మురిసిపోతుంటే మా అమ్మాయి, "బాగుంది, కానీ అది ఆయన పాట కాదు, ఆమె పాటా కాదు, సినిమాలో హీరోయిన్ పాట కదా" అంది. సెప్టెంబరు 12న వచ్చిన అతని ఆల్బమ్ 'ప్లే'లో అరిజిత్ సింగ్‌తో పాడిన పాటలో పంజాబీ మాటలు ఉన్నాయి, తెలుగు లేదు.

పిల్లలు ఇంగ్లీషు పాటల వల్ల తెలుగుకు దూరమవుతున్నారని మా వాళ్లు అంటుంటే నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆ ఆల్బమ్‌లలో ఒక మనిషి తన పేరు మీద, తన మాటల్లో, తన కష్టం చెప్పుకుంటుంది, పిల్లలకు కావలసింది అదే. సినిమాతో సంబంధం లేని పాటలు తెలుగులో లేవని కాదు. హైదరాబాద్ బృందం చౌరస్తా పాటలు మేము అనంతపురం వెళ్లే దారిలో వింటాం, పిల్లలకు నచ్చాయి కూడా. అయితే వాళ్లకు దొరికినవన్నీ విడివిడి పాటలే. బెంగళూరు మారతహళ్లిలో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకునే తెలుగమ్మాయి ఒకతె, ఏ హీరో బొమ్మా లేకుండా, అద్దె గురించీ అమ్మతో తగాదాల గురించీ ఒక వరుసలో పాడిన పది పాటలు ఉంటే మా ఇంట్లో వాటికి ఎదురుచూసేవారు ఉన్నారు.

ఈ మాటే అమ్మాయితో అని, గిటార్ నేర్చుకుంటున్నావు కదా, నువ్వే ఒకటి రాయరాదా అన్నాను. తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒప్పుకుంటావా అని బేరం పెట్టింది. ఒప్పుకున్నాను.