అడగండి, కానీ ఏడాది ఆగి అడగండి

ఆషాఢ శుద్ధ చతుర్దశి వచ్చిందంటే విశాఖపట్నం రోడ్లన్నీ సింహాచలం గిరి ప్రదక్షిణకు నడిచేవారివే. సింహాచలం తొలి పావంచా (కొండ మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన భక్తులు అడివివరం, హనుమంతవాక మీదుగా సముద్రతీరానికి వచ్చి, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం చుట్టి మళ్లీ కొండ కిందికి చేరేసరికి దాదాపు 32 కిలోమీటర్లు. చాలామందికి దారిలోనే తెల్లవారుతుంది. ఆ తెల్లవారినది వ్యాస పూర్ణిమ, అంటే గురుపూర్ణిమ. కొండ మీది స్వామి అప్పన్నకు ఆ ఏటి చివరి విడత చందనం సమర్పించేదీ ఆనాడే. రాత్రంతా దేవుడి చుట్టూ తిరిగిన ఊరు మర్నాడు గురువు ముందు కూర్చుంటుంది.

కూర్చుని ఏమి అడుగుతుంది? ఆత్మ స్వరూపం ఎలాంటిదని అడిగేవారు ఎక్కడో ఒకరు. మిగతావారి ప్రశ్నలు ఇంటి గడప దగ్గరివి. వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఫోను ఎత్తడం లేదు, నా పెంపకంలో లోపమా? ఆయన పోయి ఏడాదైంది, ఇంకా ఇద్దరికి కాఫీ కలుపుతున్నాను, ఈ మమకారం తప్పా? ఇష్టపడినవాడిని చేసుకుంటే అమ్మానాన్నలకు దూరమవుతాను, ఎవరిని వదులుకోవాలి?

ఇవి లౌకికమైన ప్రశ్నలనీ, గురువు దగ్గరకు తేవలసినవి కావనీ కొందరు పెద్దలు అంటారు. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. అర్జునుడు కూలబడింది తాతనూ గురువునూ అన్నదమ్ములనూ ఎదురుగా చూసి. వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, నక్షత్ర విద్య అన్నీ చదివిన నారదుడు సనత్కుమారుడి దగ్గరకు వెళ్లి చెప్పుకున్నది తన శోకాన్ని. గుండె బరువెక్కి వచ్చినవాళ్లకే మన శాస్త్రాలు తలుపు తీశాయి.

ప్రశ్నోపనిషత్తు ఆరంభం చూడండి. సుకేశుడు, సత్యకాముడు, గార్గ్యుడు, కౌసల్యుడు, భార్గవుడు, కబంధి అనే ఆరుగురు చేతుల్లో సమిధలు పట్టుకుని పిప్పలాద మహర్షి దగ్గరకు వస్తారు. వాళ్లు కొత్తగా దారి పట్టినవాళ్లు కారు, అప్పటికే బ్రహ్మనిష్ఠులని ఉపనిషత్తే చెబుతోంది. అంతటివాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు ఇది:

భూయ ఏవ తపసా బ్రహ్మచర్యేణ శ్రద్ధయా సంవత్సరం సంవత్స్యథ, యథాకామం ప్రశ్నాన్ పృచ్ఛత, యది విజ్ఞాస్యామః సర్వం హ వో వక్ష్యామః.

మళ్లీ తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఒక సంవత్సరం ఇక్కడ ఉండండి. ఆ తర్వాత మీకు ఇష్టమైన ప్రశ్నలు అడగండి. మాకు తెలిస్తే అంతా చెబుతాం.

ఇష్టమైనవి అడగమన్నాడు. ఇది అడగవచ్చు, ఇది అడగకూడదని గిరి గీయలేదు. పెట్టిన షరతు ఒక్కటే, ఏడాది ఆగడం. సింహాచలం నీడలో పెరిగినవారికి ఈ షరతు కొత్తగా తోచదు. అక్షయ తృతీయనాడు ఒక్కరోజు నిజరూప దర్శనమిచ్చిన స్వామి ఆ రాత్రి నుంచే మళ్లీ చందనం కప్పుకుంటాడు. ఆయన అసలు రూపం చూడాలంటే తిరిగి ఏడాది ఎదురుచూడవలసిందే. ఆ ఎదురుచూపును మన అమ్మమ్మలు ఎన్నడూ నష్టంగా లెక్కగట్టలేదు.

ఆగితే ప్రశ్నకు ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. సీతమ్మధారలో ఒక మేడ మీద, ఉద్యోగ విరమణ చేసిన ఒక సంస్కృత పండితుడు ఆదివారాలు ఉపనిషత్తులు చెప్పేవారు. ఒక వ్యాస పూర్ణిమనాడు పాఠం అయ్యాక ఒక అమ్మాయి మిగిలిపోయింది. ప్రశ్నను కాగితం మీద రాసుకుని తెచ్చింది. ఆ కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచి, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయేదాకా నలిపింది.

"గురువుగారూ, మేమిద్దరం ఇష్టపడ్డాం. మావాళ్లు ఒప్పుకోరు. ఎవరిని వదులుకోమంటారు?"

"ఒప్పుకోరని వాళ్లు చెప్పారా అమ్మా?"

"ఇంకా అడగలేదండీ."

ఆయన కాసేపు ఆమెనే చూశారు. "రోజూ దీపం పెట్టే వేళకు మీ అమ్మ పక్కన కూర్చో. అతని సంగతి ఎత్తనక్కరలేదు, ఊరికే కూర్చో. సంక్రాంతి దాకా అలా చేసి, అప్పటికీ ఇదే ప్రశ్న మిగిలితే రా తల్లీ. నాకు తెలిస్తే చెబుతాను."

కార్తీకంలోనే వచ్చింది. ఎవరిని వదులుకోవాలన్న ప్రశ్న ఆమె దగ్గర లేదు. "అమ్మకు చెప్పాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగింది. దానికి ఆయన వెంటనే జవాబిచ్చారు, చాలాసేపు, ఓపికగా. పెళ్లి జరిగిందా లేదా అన్నది వాళ్లింటి సంగతి. నా మనసులో నిలిచిపోయింది ఆ ప్రశ్న మారిన తీరు.

ప్రేమ గురించి ఉపనిషత్తులు సూటిగా మాట్లాడిన చోటు బృహదారణ్యక ఉపనిషత్తులో ఉంది. యాజ్ఞవల్క్య మహర్షి ఇల్లు విడిచి వెళ్లబోతూ, ఉన్నది ఇద్దరు భార్యలకు పంచుతానంటాడు. భూమి నిండా ధనం ఉన్నా దానితో నాకు అమృతత్వం వస్తుందా అని వారిలో ఒకరైన మైత్రేయి అడుగుతుంది. రాదు, కలిగినవాళ్లు బతికినట్టు బతుకుతావు, అంతే అంటాడు. అయితే అది నాకెందుకు, మీకు తెలిసింది చెప్పండి అంటుంది. అప్పుడు ఆయన నోట వచ్చిన మొదటి మాట "ప్రియా బతారే నః సతీ ప్రియం భాషసే". నువ్వు నాకు ఎప్పుడూ ప్రియమైనదానివే, ఇప్పుడూ ప్రియమైన మాటే అన్నావు, రా, కూర్చో, చెబుతాను. సన్యాసానికి బయలుదేరిన మనిషి మాటలివి!

భర్త ప్రియుడయ్యేది భర్త కోసం కాదు, ఆత్మ కోసం. భార్య, బిడ్డలు, ధనం, దేవతలు అంతే అని ఆ తర్వాత బోధిస్తాడు. దీన్ని స్వార్థబోధగా తీసుకునేవారున్నారు. నాకు అలా వినిపించదు. మనం ఒక మనిషిలో వెదికే ఆనందం ఆ మనిషి ఒక్కడే మోయగలిగినది కాదు. దాని ఊట ఇద్దరిలోనూ ఉన్న ఆత్మ. ఇది తెలిసినవాళ్లు ఎదుటివారిని "నన్ను సంతోషపెట్టు" అని వేధించరు. ఫోను ఎత్తని కొడుకును తల్లి కోపం లేకుండా ప్రేమించగలిగేది ఇక్కడే. పోయినవారి కోసం కలిపే రెండో కాఫీ కూడా తప్పు కాదు. ఆ ప్రేమ వెళ్లవలసిన చోటికే వెళుతోంది.

పిప్పలాదుడి మాటలో చివరి ముక్క మిగిలింది: "మాకు తెలిస్తే". జాతకం చూసినంత వేగంగా జీవితాలకు తీర్పులు చెప్పేవారి ముందు కూర్చోబోయేవారు ఈ రెండు మాటలు గుర్తుంచుకోవాలని నా మనవి. ఆరుగురిలో చివరగా ప్రశ్న అడిగిన సుకేశుడి తీరూ ఇలాంటిదే. కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు ఒకనాడు అతని దగ్గరకు వచ్చి, పదహారు కళల (అంశల) పురుషుడు తెలుసా అని అడిగాడట. తెలియదన్నాడు సుకేశుడు. తెలిస్తే ఎందుకు చెప్పను, అబద్ధం చెప్పినవాడు వేళ్లతో సహా ఎండిపోతాడు అన్నాడు. రాజకుమారుడు మాట్లాడకుండా రథమెక్కి వెళ్లిపోయాడు. ఆనాడు జవాబివ్వలేకపోయిన ఆ ప్రశ్ననే సుకేశుడు తన గురువు దగ్గరకు మోసుకొచ్చాడు.

పిప్పలాదుడు దానికి జవాబు చెప్పి, పరబ్రహ్మం గురించి నాకు తెలిసింది ఇంతే, దీనికి పైన మరేమీ లేదని ముగిస్తాడు. ఆరుగురూ ఆయనను అర్చించి, మమ్మల్ని అవిద్య ఆవలి ఒడ్డుకు చేర్చిన తండ్రివి నువ్వే అంటారు. వ్యాస పూర్ణిమనాడు ఇంట్లో గురుపూజ చేసుకునేవారు ఆ ఉపనిషత్తులోని చివరి మాటను కూడా చదువుకోవచ్చు: నమః పరమఋషిభ్యో నమః పరమఋషిభ్యః.